ఈకల ఈగ – చెరువు చేప

హైదరాబాదు పాతబస్తీకి నైరుతి దిశలో మీర్ ఆలం చెరువు కలదు. 1804 నుండి 1808 వరకు నిజాముకు దివానుగా నుండిన మీర్ ఆలం పేర ఇది వెలసినది. దీని ఆనకట్ట తిన్నని గోడ కాదు. నీటివైపునకు ఉబ్బిన 21 అర్ధవృత్తపు కమానుల వరుస. ఉస్మాన్ సాగర్ 1920లో పూర్తియగు వరకు నగరమునకు మంచినీరిచ్చిన చెరువులలో ఇది ముఖ్యమైనది.

ఇట్టి చెరువు గట్టున గాలము వేయువానికి మొదట తోచు ప్రశ్న ఒకటే: నీటిలోని చేప ఏమి తినుచున్నది? సాధారణముగా పిండిముద్దనో, వానపామునో గాలమునకు గుచ్చుదురు. అది నిజమైన ఆహారమే. కాని ఆహారమేమియు లేకుండ, ఈకలతోను దారముతోను పురుగు వేషము కట్టి చేపను మోసగించు విద్య కూడ చాల ప్రాచీనమైనది. దానిని ‘ఈకల ఈగ’ అందము.

క్రీ. శ. 200 ప్రాంతమున రోమునందుండిన ఈలియన్ అను రచయిత దీనిని వర్ణించెను. మాసిడోనియాలోని ఒక నదిలో మచ్చల చేపలు నీటిపై వ్రాలు ఈగలను తినుచుండెను. ఆ ఈగను చేతితో పట్టినచో దాని రంగు చెడి ఎరకు పనికిరాకుండ పోవును. అందువలన జాలరులు గాలమునకు ఎర్రని ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడక్రింది ఈకలు రెండు కట్టి నీటిలో విడిచెడివారు. 1496లో ఇంగ్లండున అచ్చయిన గాలపు గ్రంథమునందు ఇట్టి ఈగలు పండ్రెండు పేర్కొనబడినవి.

ఈ విద్య ట్రౌట్ వంటి చేపలకై పెరిగినది. ట్రౌట్ కంటితో చూచి, దవడపండ్లతో అందుకొనును. మన చెరువుల గండుచేపల జాతి వేరు. వీని దవడలకు పండ్లు లేవు; గొంతులో మాత్రమే కలవు. ఇవి ఆహారమును నీటితోసహా పీల్చి, రుచి చూచి, నచ్చనిచో వెంటనే ఉమియును. అందుచేత ట్రౌట్‌కై కట్టిన ఈగను చెరువులో తేలవిడుచుట తరచు వృథాశ్రమ యగును.

మద్రాసు సివిల్ సర్వీసులోని హెన్రీ సల్లివన్ థామస్ మన నదులలోని గాలపు వేటపై 1873లో ఒక గ్రంథము ప్రచురించి, అంతటితో నిలువక, కేవలము చెరువులలోని వేటకై 1887లో మరియొకటి వ్రాసెను. చెరువునకు వేరు పుస్తకము కావలసివచ్చుటయే ఈ భేదమునకు సాక్ష్యము. అయితే ఒక సంగతి మరువరాదు. యూరపువారు ‘కార్ప్’ అను చేప, అనగా మన బంగారుతీగ, ఆనాడు మన చెరువులలో లేదు. అది 1939లో సింహళమునుండి నీలగిరులకును, వెచ్చని నీటికి తగిన రకము 1957లో బాంకాకునుండియు మన దేశమునకు వచ్చినది.

చేపనుబట్టి ఈగ మారవలెను. బొచ్చె నోరు పైకి తిరిగియుండును. అది నీటిలో తేలు సూక్ష్మజీవులను వడగట్టి తినును. బంగారుతీగ మీసములతో బురద వెదకి పురుగులను పీల్చును. దీనికి కట్టు ఈగ చిన్నదై, గోధుమ లేక ఎరుపు రంగుదై, మునుగునదిగా నుండవలెను. గాలపు కాడకు దారము చుట్టి, మెత్తని కోడియీక ఒకటి తిప్పి కట్టుదురు. కంటికి సమీపమున కాడపై రెండు లోహపు పూసలు బిగించిన యెడల ఆ బరువునకు గాలము తలక్రిందులగును. మొన పైకుండుటచే నాచులో చిక్కుకొనదు. చేప నోట పీల్చి ఉమియులోపలనే గాలమును లాగవలెను. కనుక వేటకాడు చేతికి తగులు కుదుపుకై వేచియుండక, త్రాడు కొసపైనను చేప కదలికపైనను కన్నుంచును.

ఇట్లు ప్రతి ఈగయు, ఆ నీటిలో ఏ జీవి యున్నదో చెప్పు పత్రము వంటిది. మేఫ్లై అను కీటకపు పిల్లలు చాలవరకు ప్రాణవాయువు సమృద్ధిగా గల నీటిలోనే బ్రతుకును. కైరోనోమస్ అను దోమవంటి కీటకపు ఎర్రపురుగులకు హీమోగ్లోబిన్ కలదు. కనుక ప్రాణవాయువు మిక్కిలి తగ్గిన బురదలోను అవి జీవించును. ఒకప్పుడు నగరమునకు దాహము తీర్చిన మీర్ ఆలం చెరువులోనికి తరువాతి కాలమున మురుగునీరు చేరినది, గుర్రపుడెక్క పెరిగినది. ఏ చెరువునందైనను ఎర్రపురుగు వేషమొక్కటే చెల్లుచున్నదనిన, అది వేటకాని నేర్పును తెలుపదు. నీటి రోగమును తెలుపును.

ఉపాధ్యాయులు ఊరి మంచినీటి చెరువునుండి గుప్పెడు అడుగుమట్టి తెచ్చి, తెల్లని పళ్ళెములో నీరు పోసి విద్యార్థులకు చూపవచ్చును. అందు కదలు పురుగులు ఎన్ని విధములో లెక్కింపుడు. విధములు పెక్కుగా నున్నచో చెరువు ఆరోగ్యముగ నున్నదనుటకు అది మంచి గుర్తు. ఎర్రనివి మాత్రమే యున్నచో, ఆ సంగతి చేపలకన్న ముందు ఊరివారికి తెలియవలెను.