సాక్షికి నిలువ నీడ

మధురలో విశ్వనాథ నాయకుడు 1529 ప్రాంతంలో రాజ్యం నెలకొల్పిన కథ వినని తెలుగిల్లు ఈ వైపు ఉండదు. కోయంబత్తూరులో మా తాతగారు పాళెగాళ్ల కథలు చెబుతుంటే నేనూ నోరు తెరుచుకుని విన్నాను. కత్తి పట్టి వచ్చినవాడికి పాళెం దక్కింది, నాగలి పట్టి వచ్చినవాడికి నల్లరేగడి దక్కింది. అయితే తెలుగువాళ్లు ఊరు దాటిన తీరు అదొక్కటే కాదు. ఒకరి చేతికింద, ఒకరు రాయించిన కాగితం మీద పోయినవాళ్లూ ఉన్నారు. వాళ్ల సంగతి మనం అంతగా చెప్పుకోము.

నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. చరిత్ర నాకు సెలవునాటి వ్యాపకం. ఈ వ్యాసానికి కారణం మాత్రం బ్యాంకు కౌంటరే. చాలా ఏళ్ల కిందట ఒక మేస్త్రీ పదిమంది ఆడకూలీలను వెంటబెట్టుకుని డబ్బు తీయించడానికి వచ్చాడు. పాస్ బుక్కులన్నీ అతని సంచిలోనే ఉన్నాయి. వారిలో ఒకామెది మన భాష. "డబ్బు నీ చేతికే వస్తుందా అమ్మా?" అని అడిగాను. ఆమె మేస్త్రీ ముఖం చూసి, "వస్తుందయ్యా" అంది. వేలిముద్ర సరిపోయింది, చెల్లించాను. రూలు ప్రకారం తప్పు లేదు. ఆమె చెప్పింది నిజం కాదని నాకప్పుడే తోచింది. నిజం చెబితే ఆ రాత్రి ఆమె ఎక్కడ తల దాచుకోవాలో నాకు తెలియదు. అందుకే మళ్లీ అడగలేదు.

ఇది పాత చిక్కే. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలతో డర్బన్ చేరింది. నేటాల్ చెరకుతోటలకు 1911 దాకా సాగిన ఆ వలసలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ వేలమంది పోయారు. గిరిమిటి కూలీ యజమానిని విడిచిపోతే అది నేరం. గోడు వినడానికి ప్రొటెక్టర్ అనే అధికారి ఉన్నా, చెప్పుకున్నాక కూలీ తిరిగి పోవలసింది ఆ తోటకే. 1894లో బాలసుందరం అనే తమిళ కూలీ, యజమాని కొట్టిన దెబ్బలకు ముందు పళ్లు రెండు విరిగి, గాంధీగారి దగ్గరకు వచ్చాడు. గాంధీగారు యజమానికి శిక్ష పడాలని పట్టుబట్టలేదు. బాలసుందరాన్ని మరో యజమాని కిందికి మార్పించారు. ముందు నిలువ నీడ, తరువాతే తగవు.

సుమారు నూరేళ్ల తరువాత అదే కథ అమెరికాలో జరిగింది. 1999 నవంబరు 24న బర్క్‌లీ పట్టణంలో ఒక అద్దె ఇంట్లో విషవాయువు నిండి 17 ఏళ్ల తెలుగుపిల్ల చనిపోయింది. ఆ ఇల్లు లకిరెడ్డి బాలిరెడ్డిది. కృష్ణా జిల్లా వెల్వడం నుంచి 1960లో చదువుకు పోయి, వెయ్యికి పైగా అద్దె వాటాలకు యజమాని అయినవాడు. మైలవరంలో అతని పేర ఇంజనీరింగు కాలేజీయే ఉంది. అతను పేదింటి ఆడపిల్లలను దొంగ వీసాల మీద రప్పించి, చాకిరీ చేయించి, చెరిచాడని తేలింది. ఈ పిల్లలు బడికెందుకు రావడం లేదని ఆరా తీసి రాసినవాళ్లు అక్కడి హైస్కూలు పత్రిక విద్యార్థులు. 2001లో అతను నేరం ఒప్పుకున్నాడు. 97 నెలల జైలు, 20 లక్షల డాలర్ల పరిహారం విధించారు.

అటువంటి పిల్ల నోరు విప్పాలంటే, దొంగ కాగితాలతో వచ్చానని ముందు తానే ఒప్పుకోవాలి. బయటికి పంపేస్తే చేరేది యజమాని పలుకుబడి ఉన్న ఊరికే.

ఈ కేసు నడుస్తుండగానే, 2000 అక్టోబరు 28న, అమెరికాలో అక్రమ రవాణా బాధితుల చట్టం వచ్చింది. అంతకు ముందు 1994 నుంచి 'ఎస్' వీసా ఉండేది గాని, అది నేరగాళ్ల గుట్టు తెలిసిన కొద్దిమందికే. కొత్త చట్టం బాధితులకు 'టీ' వీసా ఇచ్చింది, ఏడాదికి 5,000 మించకుండా. ఇతర ఘోర నేరాల బాధితులకు 'యూ' వీసా, ఏడాదికి 10,000. నేర విచారణకు తోడ్పడితే ఉండనిస్తారు, పని చేసుకోనిస్తారు, భార్యాభర్తలను, పిల్లలను రప్పించుకోనిస్తారు. కొన్నేళ్లకు స్థిరనివాసం అడగవచ్చు. 18 ఏళ్లు నిండనివారు పోలీసులకు తోడ్పడకపోయినా 'టీ' వీసా అడగవచ్చు.

అయితే లెక్కలు చూసేవాడిగా ఒక మాట. తొలి పదేళ్లలో 'టీ' వీసాలు ఏ సంవత్సరమూ 1,000 దాటలేదు. 'యూ' వీసాకు పోలీసు శాఖ వంటి అధికారుల సంతకం కావాలి, ఆపైన ఏళ్లతరబడి వరుసలో నిలవాలి. యజమాని చేతిలోని కాగితం అధికారి చేతికి మారింది. బాధితుని చేతికి రావడం ఇంకా కష్టమే. అయినా నిజం చెప్పినవాడికి కాలు మోపే చోటుండాలని చట్టం ఒప్పుకున్నది చిన్న సంగతి కాదు.

మన దేశంలో వెట్టిచాకిరీ 1976లో చట్టం ప్రకారం రద్దయింది. సాక్షుల రక్షణ పథకాన్ని సుప్రీంకోర్టు 2018 డిసెంబరు 5న ఆమోదించింది. కోయంబత్తూరు రావడానికి ఎవరికీ వీసా అక్కరలేదు. కాని పడుకునే గది, తినే కూడు, పాస్ బుక్కు ఒక్కడి చేతిలోనే ఉన్నప్పుడు, ఊరి పొలిమేర కూడా సముద్రమే.

ఆనాటి కౌంటరు దగ్గర నేను అడిగిన ప్రశ్న తప్పు కాదు. అడిగిన చోటు తప్పు. మేస్త్రీని బయట కూర్చోబెట్టి, ఆమెను లోపలికి పిలిచి, తెలుగులో అడగవలసింది. ఆ మాత్రం నా చేతిలోనే ఉండింది.