నాస్తికవాదం - క్రైస్తవంతో సంవాదం

నాస్తికవాదం అనగా దేవుడు లేడని, లేదా ఉన్నాడని నమ్మడానికి తగిన ఆధారం లేదని చెప్పే తాత్విక దృక్పథం. భారతీయ దర్శనాలలో వేదప్రమాణాన్ని అంగీకరించని చార్వాక, జైన, బౌద్ధాలను నాస్తిక దర్శనాలంటారు. ఈ వ్యాసం పాశ్చాత్య అర్థానికి సంబంధించినది.

ప్రాచీన మూలాలు

క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకు తత్వవేత్త డెమోక్రిటస్ జగత్తును పరమాణువులు, శూన్యం ఆధారంగా వివరించాడు. ఎపిక్యూరస్ (క్రీ.పూ. 341-270) దేవతలున్నారని ఒప్పుకున్నా, వారు మానవుల వ్యవహారాలలో జోక్యం చేసుకోరని బోధించాడు.

విచిత్రమేమంటే, రోమను సామ్రాజ్యంలో నాస్తికులన్న నింద పడినది తొలి క్రైస్తవుల మీదనే. రాజ్యం కొలిచే దేవతలకు వారు బలులు అర్పించకపోవడమే అందుకు కారణం. 2వ శతాబ్దానికి చెందిన జస్టిన్, ఆ దేవతల విషయంలో తాము నాస్తికులమేనని, సత్యదేవుని విషయంలో మాత్రం కాదని సమాధానమిచ్చాడు. చివరకు అతనికి మరణశిక్ష పడింది.

ఆధునిక యుగం

డేవిడ్ హ్యూమ్ మరణానంతరం 1779లో వెలువడిన సంభాషణా గ్రంథం, దయామయుడు, సర్వశక్తిమంతుడు అయిన దేవుని సృష్టిలో దుఃఖమెందుకున్నదని ప్రశ్నించింది. మానవుడు తన ఉత్తమ గుణాలనే దేవునికి ఆరోపించి పూజిస్తున్నాడని 1841లో ఫాయర్‌బాఖ్ వాదించాడు.

1948 రేడియో చర్చ

1948 జనవరి 28న బీబీసీ రేడియోలో జెసూట్ గురువు ఫ్రెడరిక్ కాపిల్‌స్టన్, బెర్ట్రాండ్ రస్సెల్ దేవుని ఉనికిపై చర్చించారు. లోకంలోని ప్రతి వస్తువు తన ఉనికికి మరొకదానిపై ఆధారపడుతుంది కాబట్టి, దేనిపైనా ఆధారపడని సత్త ఒకటి ఉండి తీరాలని కాపిల్‌స్టన్ వాదం. "ఉండి తీరడం" అన్న లక్షణం తర్కవాక్యాలకే గాని వస్తువులకు వర్తించదని రస్సెల్ ఖండించాడు. ప్రతి మనిషికీ తల్లి ఉన్నంత మాత్రాన మానవజాతి మొత్తానికి ఒక తల్లి ఉండనక్కరలేదని కూడా అన్నాడు. నాస్తికులు తరచుగా ఉదహరించే ఈ చర్చలో రస్సెల్ తన వైఖరి అజ్ఞేయవాదమని చెప్పుకోవడం గమనార్హం. ఇద్దరూ ఏకాభిప్రాయానికి రాలేదు.

రెండవ వాటికన్ మహాసభ

1965 డిసెంబరు 7న ఈ మహాసభ ఆమోదించిన "గాడియం ఎత్ స్పెస్" పత్రం నాస్తికవాదాన్ని తిరస్కరించింది. అయితే విశ్వాసుల లోపభూయిష్టమైన బోధ, నడవడి కూడా దాని పుట్టుకకు కొంత కారణమని అంగీకరించింది. పూర్వపు ఖండనలతో పోలిస్తే ఇది పెద్ద మార్పు. అవిశ్వాసులతో సంభాషణకై అదే ఏడాది ఆరవ పౌలు పోపు ఒక కార్యాలయాన్ని నెలకొల్పాడు. 1993లో అది సంస్కృతి మండలిలో విలీనమైంది.