ఎస్‌ఎస్‌డీకి పోయిన వేగం తిరిగొచ్చిన కథ

రాజమండ్రిలో ఏ కంప్యూటర్ షాపుకెళ్లినా పాత లాప్‌టాప్‌కి చెప్పే వైద్యం ఒకటే: "హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయించండి సార్, దూసుకుపోద్ది." పోతుంది కూడా. మూడు నాలుగేళ్లు గడిచాక అదే లాప్‌టాప్ మళ్లీ అదే కౌంటర్ మీదికి వస్తుంది. ఆన్ చేస్తే తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. ఫొటోలు ఇంకో డ్రైవ్‌లోకి కాపీ పెడితే మొన్న తీసినవి చకచకా వెళ్తాయి, రెండేళ్ల నాటి పెళ్లి ఫొటోల దగ్గరికి వచ్చేసరికి ఆకుపచ్చ గ్రాఫు నేలకు కరుచుకుపోతుంది. షాపు కుర్రాడు "ఫార్మాట్ కొట్టి విండోస్ కొత్తగా ఎక్కిద్దామండీ" అంటాడు. ఎక్కించాక చాలాసార్లు వేగం తిరిగొస్తుంది. ఆ పేరంతా విండోస్‌కే పోతుంది.

అందులో సగం పేరు వేరేవాళ్లకి దక్కాలి. తిరిగే చక్రం గానీ కదిలే ముల్లు గానీ లేని వస్తువు ముసలిదెలా అవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి చాలా ఏళ్లు పట్టింది. దాన్ని వెతికిపెట్టిన వాళ్లలో ఎక్కువమంది డ్రైవ్‌లు తయారుచేసే కంపెనీల వాళ్లు కారు.

కథ 1967లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మొదలైంది. కొరియా నుంచి వెళ్లిన డావన్ కాంగ్, తైవాన్ నుంచి వెళ్లిన సైమన్ జీ ఒకరోజు భోజనం చేసి పొరలు పొరలుగా ఉన్న చీజ్‌కేక్ తింటున్నారట. ట్రాన్సిస్టర్‌లో కూడా మధ్యన ఇంకో పొర దూరిస్తే ఏమవుతుందన్న ఆలోచన అక్కడే వచ్చిందని చెబుతారు. వాళ్ల పళ్లెంలో ఆత్రేయపురం పూతరేకు ఉన్నా ఆ ఆలోచన వచ్చేదేనని నా నమ్మకం. ఆ పొర చుట్టూ కరెంటు సాగనివ్వని గోడలుంటాయి. అందులోకి ఎలక్ట్రాన్లను నెడితే, కరెంటు పోయినా అవి అక్కడే ఉంటాయి. ఉన్నాయా లేవా అన్నదే ఆ చిప్పు జ్ఞాపకం.

తోషిబా ఇంజనీరు ఫుజియో మసువోకా ఆ ఊహకి కొత్త రూపమిచ్చారు. పెద్ద భాగాన్ని ఒక్కసారిగా తుడిచేసే చిప్పును ఆయన 1984లో లోకానికి చూపించారు. ఆ తుడిచే తీరు కెమెరా ఫ్లాష్‌లా ఉందని తోటి ఉద్యోగి షోజీ అరీజుమి అనడంతో 'ఫ్లాష్' అనే పేరు నిలిచింది. 1987లో ఇంకా చవకైన నాండ్ రకం వచ్చింది. మన ఫోన్లలో, ఎస్‌ఎస్‌డీల్లో ఉన్నది అదే. సొంత కంపెనీ ఆయనకు ఇచ్చిన గుర్తింపు మాత్రం అంతంతమాత్రం. చివరికి కోర్టుకెక్కి 2006లో 8.7 కోట్ల యెన్లకు రాజీపడాల్సి వచ్చింది.

ఆ చవకదనంలోనే చిక్కుంది. నాండ్ చిప్పులో పేజీల లెక్కన రాయొచ్చు, తుడవాలంటే మాత్రం బ్లాక్ మొత్తం తుడవాలి. రాసిన పేజీ మీద మళ్లీ రాయడానికి వీల్లేదు. 2008 సెప్టెంబర్‌లో ఇంటెల్ విడుదల చేసిన ఎక్స్25-ఎం డ్రైవ్‌లో పేజీ 4 కిలోబైట్లు, బ్లాక్ 512 కిలోబైట్లు. ఒక పేజీ మారిస్తే, దాన్ని ఖాళీగా ఉన్న వేరేచోట రాసి పాతదాన్ని చెత్త కింద గుర్తుపెట్టుకోవాలి. ఖాళీలు అయిపోతే ఒక బ్లాకులో పనికొచ్చే పేజీలన్నీ పక్కకు మోసి, బ్లాకు తుడిచి, అప్పుడు రాయాలి. ఫైలు డిలీట్ చేసినా అప్పట్లో డ్రైవ్‌కి ఆ సంగతి తెలిసేది కాదు. విండోస్ తన పట్టికలో పేరు కొట్టేసేదంతే. కాబట్టి డ్రైవ్ ఆ చెత్తను కూడా అపురూపంగా మోస్తూ ఉండేది.

ఎక్స్25-ఎం వచ్చినప్పుడు పత్రికలన్నీ ఆకాశానికెత్తాయి. కొత్త డ్రైవ్‌ని ఒకరోజు పరీక్షిస్తే అది బంగారమే మరి. పీసీ పర్‌స్పెక్టివ్ వెబ్‌సైట్‌లో రాసే ఆలిన్ మాల్వెంటానో మాత్రం దాన్ని రోజువారీ పనుల్లో బాగా వాడి, నలిపి, ఆ తర్వాత కొలిచారు. 2009 ఫిబ్రవరిలో ఆయన ప్రచురించిన ఫలితాల్లో రాసే వేగం దారుణంగా పడిపోయి ఉంది. మా ల్యాబ్‌లో అలా రావడం లేదని ఇంటెల్ మొదట అంది. రెండు నెలలు తిరిగేసరికి, ఏప్రిల్‌లో, సవరించిన ఫర్మ్‌వేర్‌ని, అంటే డ్రైవ్ లోపలి సాఫ్ట్‌వేర్‌ని, విడుదల చేసింది. ఓ కొలబద్ద, కాస్త మొండితనం చేసిన పని అది.

అప్పటిదాకా అందరికీ తెలిసిన మందు సెక్యూర్ ఎరేజ్ ఒక్కటే. డ్రైవ్ మొత్తం తుడిచేస్తే కొత్తదానిలా పరుగెత్తేది, కానీ లోపలున్నదంతా పోయేది. అసలు మందుకి ఆలోచన 2007 నుంచే సాంకేతిక ప్రమాణాల కమిటీ దగ్గర నలుగుతోంది. ఫైలు డిలీట్ అయిన వెంటనే ఆ చోటు ఇక అక్కర్లేదని డ్రైవ్‌కి చెప్పే చిన్న ఆదేశమది. పేరు ట్రిమ్. 2009 అక్టోబర్ 22న వచ్చిన విండోస్ 7 దాన్ని నేర్చుకునే వచ్చింది. పాత విండోస్ ఉన్నవాళ్ల కోసం ఇంటెల్ అదే నెలలో టూల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌నీ, దానికి తోడు కొత్త ఫర్మ్‌వేర్‌నీ ఇచ్చింది. ఆ ఫర్మ్‌వేర్ ఎక్కించుకున్న కొందరి డ్రైవ్‌లు అక్కడికక్కడే మూగబోయాయి! కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుని, సరిచేసి, మళ్లీ వదిలింది. చెత్త సమస్య ఆ తర్వాత నెమ్మదిగా సద్దుమణిగింది.

అయితే ఇంకో రకం ముసలితనం కాచుకుని ఉంది.

2013లో శామ్‌సంగ్ 840 ఈవో వచ్చింది. ఎలక్ట్రాన్లను దాచే ఒక్కో గడిలో మూడేసి బిట్లు ఇరికించారు. అంటే గడిలోని విద్యుదావేశం ఎనిమిది మెట్లలో ఏ మెట్టు మీద ఉందో సరిగ్గా గుర్తుపట్టాలి. ధర దిగింది, జనం ఎగబడి కొన్నారు. మరుసటి ఏడు కొందరు ఒక వింత గమనించారు. నిన్న రాసిన ఫైలు సెకనుకు 500 మెగాబైట్ల చొప్పున వస్తోంది, నెలల నాటి ఫైలు 100 కూడా దాటడం లేదు. డ్రైవ్ ఒక్కటే, ఫైలు వయసే తేడా. గడిలో ఆవేశం కాలంతో కొద్దికొద్దిగా జారిపోతుంది. మెట్టు తెలియక డ్రైవ్ మళ్లీ మళ్లీ చదివి చూస్తుంది. ఆ తడబాటే మనకు నిదానంగా కనిపిస్తుంది. కంపెనీ పరిష్కారం వచ్చేలోగా కొందరు పాత డేటాను చదివి అక్కడికక్కడే తిరిగి రాసే డిస్క్‌ఫ్రెష్ లాంటి సాఫ్ట్‌వేర్ నడిపించి చూశారు. వేగం వెనక్కి వచ్చింది.

2014 అక్టోబర్‌లో శామ్‌సంగ్ కూడా అదే దారి పట్టింది. ఫర్మ్‌వేర్ మార్చి, డేటా అంతా తిరిగి రాసే సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. హమ్మయ్య అనుకుంటే 2015 మొదట్లో జబ్బు తిరగబెట్టింది. ఒకసారి రాస్తే చాలదని, మళ్లీ మళ్లీ రాస్తూ ఉండాలని అప్పటికి తెలిసొచ్చింది. ఆ ఏప్రిల్‌లో వచ్చిన ఫర్మ్‌వేర్ డ్రైవ్ పనిలేకుండా ఉన్నప్పుడు పాత డేటాను తనే తాజా చేసుకోవడం మొదలుపెట్టింది.

ఇది ఆ ఒక్క డ్రైవ్ తలరాత అనుకున్న వాళ్లే ఎక్కువ. కాదని తేల్చింది కాలిఫోర్నియాలోని ప్రోగ్రామర్ స్టీవ్ గిబ్సన్. 1980ల చివర్లో ఆయన రాసిన స్పిన్‌రైట్ అనే ప్రోగ్రామ్ కూడా మొదట డిస్కుల వేగం కోసం పుట్టిందే. ఆనాటి హార్డ్ డిస్కుల్లో సెక్టార్ల వరస సరిగా లేక కంప్యూటర్లు నత్తనడక నడిచేవి. డేటా పోకుండా ఆ వరస మార్చడం దాని విద్య. 2004 నాటి 6.0 తర్వాత కొత్త వెర్షన్ పని మొదలుపెట్టి, మధ్యలో పాస్‌వర్డ్ అక్కర్లేని లాగిన్ పద్ధతి వెనక పడి ఏళ్ల తరబడి దాన్ని పక్కన పెట్టేశారు. ఈ రోజుల్లో కూడా అసెంబ్లీ భాషలోనే ప్రోగ్రామ్ రాసే మనిషి, తొందర ఆయన ఒంటికి పడదు.

తిరిగి పని అందుకున్నాక, కొత్త కోడ్‌ని పరీక్షించడానికి రీడ్‌స్పీడ్ అనే చిన్న ప్రోగ్రామ్ రాసి పరీక్షకులకు ఇచ్చారు. డ్రైవ్ మొదట్లో, చివర్లో, మధ్యలో మూడుచోట్ల, మొత్తం అయిదు చోట్ల చదివే వేగం కొలవడం దాని పని. ఎస్‌ఎస్‌డీలో అయిదూ సమానంగా ఉండాలి. వచ్చిన అంకెల్లో చాలా డ్రైవ్‌లు మొదటి భాగంలోనే చతికిలబడ్డాయి. విండోస్ కాపురం ఉండేది అక్కడే. ఒకసారి రాసి, ఏళ్ల తరబడి వేలసార్లు చదివే ఫైళ్లవి. ఆవేశం తనంతట తను జారడం ఒకటైతే, పక్క పేజీలను చదివినప్పుడల్లా తగిలే చిన్న ఒత్తిడి ఇంకొకటి. స్పిన్‌రైట్‌తో ఆ భాగాన్ని చదివించి తిరిగి రాయిస్తే అయిదు అంకెలూ ఒక వరసకి వచ్చాయి. ఎదురుచూసింది ప్రోగ్రామ్‌లో తప్పుల కోసం, దొరికింది ఇది. వెర్షన్ 6.1 చివరికి 2024 ఆరంభంలో బయటికొచ్చింది.

ఫార్మాట్ కొట్టిన కుర్రాడు తెలియకుండా చేసింది కూడా ఈ వైద్యమే. తుడవడంతో చెత్త పోయింది, విండోస్ కొత్తగా రాయడంతో ఆవేశం నిండింది. తేడా ఏమిటంటే, సాఫ్ట్‌వేర్‌తో చేస్తే ఫొటోలు పోవు.

రాతకు ఖర్చుంది, ప్రతి రాతా గడి ఆయుష్షులో కొంత తీసుకుంటుంది. అందుకని వారం వారం తిరగరాయకండి, నిదానించినప్పుడు చాలు. విండోస్‌లో ఆప్టిమైజ్ డ్రైవ్స్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి, ట్రిమ్ సంగతి అదే చూసుకుంటుంది. మరో మాట మన ఊరి కోసం. అరిగిపోయేదాకా వాడిన ఇంటి వాడకం ఎస్‌ఎస్‌డీ, కరెంటు తగలకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాది పాటు డేటా నిలపాలన్నది చిప్పుల ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ నియమం. వేడి పెరిగేకొద్దీ ఆ గడువు తగ్గుతుంది. రోహిణి కార్తెలో గోదావరి గట్టున బీరువాలోని వేడి ఎంతో మీకు తెలుసు. ఫొటో స్టూడియోల వాళ్లూ, పాత ఎస్‌ఎస్‌డీలో పిల్లల ఫొటోలు దాచిన వాళ్లూ ఎండలు ముదరకముందే దాన్ని తీసి, ముందు వేరే డిస్కులోకి బ్యాకప్ తీసుకోండి. ఏ సాఫ్ట్‌వేర్ నడిపినా ఆ తర్వాతే.