జాగీర్దారుల బడి పబ్లిక్ స్కూలైన కథ

అమీర్‌పేట, పంజగుట్టలకు చేరువనే బేగంపేటలో విశాలమైన ఆవరణముతో నొప్పుచున్న హైదరాబాదు పబ్లిక్ స్కూలు పుట్టుకతో ప్రజల బడి కాదు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనమున 1923లో జాగీర్దారుల కళాశాల యను పేర నది వెలసెను. పేరునకు మాత్రమే కళాశాల, నిజమునకు బడియే. నవాబుల, జాగీర్దారుల కుమారులకే ప్రవేశము. 

ఆనాడు రాజ్యమున రమారమి మూడవవంతు భూమి జాగీర్ల క్రింద నుండెను. దున్నినవాడు రైతు, శిస్తు కట్టినవాడు రైతు. ఆ రాబడితో చదివినవాడు మాత్రము దొరబిడ్డ. పోనీ, పల్లెవారు తామే యొక తెలుగుబడి పెట్టుకొందమన్నను, ఆ దశాబ్దముననే వచ్చిన ఖాంగీ పాఠశాలల నిబంధనలవలన సర్కారు అనుమతి కావలసివచ్చెను. తెలంగాణమున గ్రంథాలయములు బడిపనిని గూడ కొంత తలకెత్తుకొనుటకు కారణ మిదియే.

1948లో నిజాము పాలనము ముగిసెను. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యెను. జాగీర్దారులే లేనప్పుడు వారి కళాశాల యెవరికి? 1951లో దానికి పబ్లిక్ స్కూలని పేరుపెట్టి ఇతరుల బిడ్డలను గూడ చేర్చుకొనిరి. అయితే ఈ 'పబ్లిక్' అను మాట ఇంగ్లండు వాడుక. అచ్చట నది రుసుము చెల్లించి చదువుకొను బడికి పేరు. వంశపు అడ్డు తొలగెను గాని, ఫీజు అడ్డు నిలిచెను. బాలికల వంతు మఱింత ఆలస్యముగా వచ్చెను.

2014లో మైక్రోసాఫ్టు సంస్థకు అధిపతియైన సత్య నాదెళ్ల ఇచ్చటి విద్యార్థియే. ఆయన తండ్రి ఐ.ఎ.ఎస్. ఉద్యోగి, జాగీర్దారు కాడు. 1923 నాటి నియమమే నిలిచియున్నచో ఆ బాలునకు ఈ బడిలో చోటు లేదు.