తులసిదళ పునఃపఠనము

1980 దశకపు తొలినాళ్లలో, సికరాజు సంపాదకత్వమున వెలువడుచుండిన ఆంధ్రభూమి సచిత్ర వారపత్రికలో, యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ధారావాహికముగా సాగిన కాలమున, తెలుగునాట భయము వారమునకొకసారి ఇంటికి వచ్చెడి అతిథియై యుండెను. పత్రిక పిన్నులు విప్పి, సీరియలు పుటలను మాత్రము వేరుచేసి, దబ్బనముతో కుట్టి, పాత క్యాలెండరు కాగితము అట్టగా వేసి దాచుకొనుట ఆనాటి గృహిణుల ఆచారము. అట్టి కుట్టుడు ప్రతులే చేతులు మారి మాబోటి బాలురకు చేరినవి. 1985లో ఈ కథ కన్నడమున చలనచిత్రమైనది. దీని తరువాయి ‘తులసి’ మరుసటి యేట ‘కాష్మోరా’ పేర తెలుగు తెరకెక్కినది.

సి.ఏ. శిక్షణాలయముల ఫలకములు మేడల ముఖములను కప్పివేసిన తూర్పు ఢిల్లీ లక్ష్మీ నగర్‌లో, 2010లో వచ్చిన మెట్రో వంతెన చప్పుడు వినుచు ఆ నవలను మరల చదువగా, చిన్ననాడు నిద్ర చెఱిచిన క్షుద్రవిద్యకంటె, కన్నకూతురు కృశించుచుండగా ఏ వైద్యమును నమ్మవలెనో తెలియక తల్లడిల్లు తలిదండ్రుల దైన్యమే నన్ను అధికముగా కలచివేసినది. మంత్రమును హిప్నాటిజమును ఎదురెదురుగా నిలిపిన రచయిత కథనచాతుర్యము నేటికిని వన్నె తరుగలేదు. అయినను, మెదకు సీమలో బాణామతి యనుమానముతో నిరపరాధులను హింసించిన వార్తలు పత్రికలకెక్కిన దశాబ్దమది. ఆ భయము కొందఱికి కాలక్షేపము కాదు, ప్రాణాంతకము.