ఎలుకల గూడు కాదు, వాడ్జెమప్

పశ్చిమ ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటిల్ రేవుకు సుమారు 19 కిలోమీటర్ల దూరాన రాట్‌నెస్ట్ ద్వీపం ఉంది. పెర్త్ బడిపిల్లలు పడవెక్కి ఇక్కడికి వచ్చేది క్వోకాను చూద్దామనే. అది పిల్లి అంత ఉండే కంగారూ జాతి జంతువు. ముందుకాళ్ళతో ఆకు పట్టుకుని తీరిగ్గా నములుతుంది. 1696లో డచ్చి నావికుడు విల్లెం డి వ్లామింగ్ దాన్ని పెద్ద ఎలుకనుకుని ద్వీపానికి ‘ఎలుకల గూడు’ అని పేరు పెట్టాడు. క్వోకా అన్న మాట మాత్రం ఆదివాసులైన నూంగార్లది. ద్వీపాన్ని వాళ్ళు వాడ్జెమప్ అంటారు. సముద్రమట్టం పెరిగి సుమారు 7,000 ఏళ్ళ కిందట అది ప్రధాన భూభాగం నుంచి విడిపోయింది. అంతకుముందు అక్కడ మనుషులు తిరిగారనడానికి రాతి పనిముట్లు సాక్ష్యం. జంతువు పేరులోనే వాళ్ళ భాష ఉన్నప్పుడు పొద్దున ప్రకృతి పాఠం, మధ్యాహ్నం చరిత్ర పాఠం అని విడగొట్టడం ఎలా కుదురుతుంది?

చెట్టూ చేమా సంగతీ అంతే. 1838 నుంచి ఈ ద్వీపం ఆదివాసుల జైలు. 1904లో కాగితాల మీద మూతపడినా 1931 దాకా ఖైదీలతో చాకిరీ చేయించారు. వేలమంది పురుషులను, మగపిల్లలను దూరప్రాంతాల నుంచి సైతం ఇక్కడికి తరలించారు. వాళ్ళలో కనీసం 373 మంది ఇక్కడే చనిపోయారు. ఉప్పునీటి సరస్సుల్లో ఉప్పు తీసిందీ, సున్నపురాయి ఇళ్ళు కట్టిందీ ఆ చేతులే. వంటచెరకుకూ సాగుకూ అడవి నరికారు. మంటలు కొంత కాల్చాయి. మళ్ళీ మొలిచిన లేత మొక్కలను క్వోకాలు మేశాయి. అందుకే తర్వాత నాటిన మొక్కలకు కంచె అవసరమైంది. ఆ కంచె ఎందుకో చెప్పబోతే జైలు కథ చెప్పక తప్పదు.

ఇలా రెండు పాఠాలూ కలిపి చెప్పడానికి పసివాళ్ళకు చావుల లెక్కలెందుకన్నది మొదటి అభ్యంతరం. లెక్కలు పెద్ద తరగతులకు ఉంచండి, చిన్నవాళ్ళకు ఉప్పు ఎవరు మోశారో చెబితే చాలు. ఒక్కరోజు యాత్రలో వ్యవధి ఏదీ అన్నది రెండోది. సరస్సు గట్టున నీటిపిట్టలను చూపించేటప్పుడే ఆ మాటా చెప్పొచ్చు, అదనంగా గంట అక్కర్లేదు. అండమాన్ వెళ్ళిన మన పిల్లలకు పగడపు దిబ్బలు చూపి సెల్యులార్ జైలు ఊసెత్తకపోతే మనం ఊరుకుంటామా? ఆహ్లాదం చెడుతుందన్న మాట మాత్రం నిలవదు. ఆహ్లాదం పేరుతోనే రాట్‌నెస్ట్ చరిత్రను చాలాకాలం కప్పిపెట్టారు. జైలు భవనంలో 2018 దాకా పర్యాటకులు బస చేశారు. ఖైదీల సమాధుల మీద 2007 దాకా గుడారాలు వేసుకున్నారు.