లినక్స్ ల్యాప్‌టాప్: తెర, కీబోర్డు అమరికల మార్పు

ఒకే లినక్స్ ల్యాప్‌టాప్‌ను చోటును బట్టి వేర్వేరు తెరలకు, కీబోర్డు అమరికలకు మార్చుకోవచ్చు. కడప జిల్లా ఇడుపులపాయలో 2008లో మొదలైన ఆర్‌జీయూకేటీ విశ్వవిద్యాలయ ప్రాంగణంలా ల్యాప్‌టాప్‌తో చదువు సాగే చోట్ల ఇలాంటి మార్పులు మామూలే.

తెర: తెరపై బొమ్మను చూపే ఎక్స్11 వ్యవస్థలో ఎక్స్‌ర్యాండర్ ఆదేశంతో ప్రొజెక్టర్‌లోనూ అదే బొమ్మ చూపవచ్చు, లేదా రెండు తెరలను పక్కపక్కన పరుచుకోవచ్చు. తెర పంపే ఈడీఐడీ వివరాలను బట్టి ఆటోర్యాండర్ అనే సాధనం దాన్ని గుర్తుపట్టి, దాచుకున్న అమరికను తిరిగి తెస్తుంది. ఎక్స్11 బదులు వేలాండ్ ఉంటే ఈ పని డెస్క్‌టాప్ సెట్టింగులదే.

కీబోర్డు: కీబోర్డు అమరికలను చూసే ఎక్స్‌కేబీలో ఇంగ్లిష్, తెలుగు రెండూ పెట్టుకుని మీట నొక్కి మారవచ్చు. 1991 నాటి భారతీయ ప్రమాణం ఐఎస్ 13194లో ఉన్న ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికలో ‘కడప’కు మూడే మీటలు: కె, ఎడమ చదరపు బ్రాకెట్, హెచ్. ‘క్క’కు కె, డి, కె, నడుమ డి పొల్లు. హిందీకి మారినా క, ప అక్షరాలు అవే మీటలపై ఉంటాయి.